పదిమంది పిల్లలు, ఒక్క స్వరం: బృందంగా రికార్డర్ నేర్పడం, మొదటి రోజు నుంచి

మొదటి ఏడాది మొదటి క్లాసులో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు పదకొండు మంది కూర్చున్నారు. అందరికీ కొత్త రికార్డర్లు పంచి "ఊదండి" అన్నాను. పదకొండు కీచుశబ్దాలు ఒక్కసారిగా లేచాయి. మూడో తరగతి పాప ఒకతి రెండు చెవులూ మూసుకుని ఏడుపు మొహం పెట్టింది. పక్కవాళ్లది తనకి వినపడకపోతే ప్రతి పిల్లాడూ ఇంకాస్త గట్టిగా ఊదుతాడు. అందరికీ ఊదే పని ఇచ్చాను, వినే పని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత పద్ధతి మొత్తం మార్చుకున్నాను. బృందంలో నేర్చుకునే పిల్లలకి ముందు చెవి తయారవ్వాలి, తర్వాత వేళ్లు, చివర్లోనే పాట. కింద రాసినదంతా ఆ వరుసలోనే ఉంటుంది. సంగీతం టీచర్లకే కాదు, కొద్దిగా స్వరజ్ఞానం ఉండి కాలనీలోనో స్కూల్లోనో పిల్లల్ని కూర్చోబెట్టగల అమ్మానాన్నలకి కూడా ఇది సరిపోతుంది.

ముందు వాయిద్యం సంగతి

రికార్డర్ అంటే నోట్లో నిలువుగా పెట్టుకుని ఊదే వేణువు. మన అడ్డ వేణువుకి పెదవి పెట్టే తీరు కుదరడానికే వారాలు పడుతుంది. రికార్డర్‌లో ఆ కష్టం లేదు. నోట్లో పెట్టుకునే ముక్కు భాగంలో ఉన్న సన్నటి గాలిదారి ఊపిరిని నేరుగా ఒక పదునైన అంచు మీదికి పంపుతుంది, శబ్దం పుడుతుంది. జాతరల్లో, తిరునాళ్లలో పిల్లలకి కొనిచ్చే నోటి పిల్లనగ్రోవిలో ఉండేది కూడా ఇదే సూత్రం. మొదటి నిమిషంలోనే శబ్దం వస్తుంది కాబట్టే పిల్లలకి దీన్ని ఇస్తారు. ఆ శబ్దాన్ని అదుపులో పెట్టడమే అసలు విద్య.

ఆన్‌లైన్‌లో ఒట్టి "రికార్డర్" అని వెతికితే మాటలు రికార్డు చేసే యంత్రాలు వస్తాయి. "సొప్రానో రికార్డర్ ఫ్లూట్" అని వెతకండి. సొప్రానో సుమారు ముప్ఫై మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది, చిన్న చేతులకి అదే సరైనది. ప్లాస్టిక్‌దే తీసుకోండి. చెక్కవి అందంగా ఉంటాయి కానీ తడికి పాడవుతాయి, పిల్లల చేతుల్లో నిలవవు.

కొనేటప్పుడు తప్పనిసరిగా చూడాల్సింది ఒకటుంది. రికార్డర్లలో బరోక్, జర్మన్ అని రెండు రకాల రంధ్రాల అమరికలు ఉంటాయి. పదహారో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరప్‌లో బాగా నడిచిన ఈ వాయిద్యం అడ్డ ఫ్లూట్ వచ్చాక వెనక్కి తగ్గింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో ఆర్నల్డ్ డోల్మెచ్ మళ్లీ తయారుచేసి ప్రాణం పోశాడు. 1920ల్లో జర్మనీలో పీటర్ హార్లాన్ పిల్లలకి సులువుగా ఉండాలని ఒక స్వరానికి వేళ్ల అమరికని తేలిక చేశాడు. ఆ ఒక్క స్వరం తేలికయింది, దాని పక్కది శ్రుతి తప్పింది. బృందంలో సగం మంది దగ్గర ఒక రకం, సగం మంది దగ్గర ఇంకో రకం ఉంటే కుడి చేతి స్వరాల దగ్గరికి వచ్చేసరికి ఎవరి వేళ్లూ కలవవు. అందరికీ బరోక్ రకమే, వీలైతే ఒకే కంపెనీ, ఒకే మోడల్ కొనండి. యమహాలో అయితే వైఆర్ఎస్-24బి బరోక్ రకం, వైఆర్ఎస్-23 జర్మన్ రకం. పెట్టె పోయినా గుర్తుపట్టవచ్చు. ముందువైపు పైనుంచి లెక్కపెట్టినప్పుడు నాలుగో రంధ్రం కంటే ఐదోది చిన్నగా ఉంటే జర్మన్, నాలుగోది చిన్నగా ఉంటే బరోక్.

తల్లిదండ్రులు తలా ఒకటి తేవడం కంటే డబ్బు పోగుచేసి ఒకరే తెప్పించడం మేలు. రెండు ఎక్కువ తెప్పించండి. ఇంట్లో మర్చిపోయి వచ్చే పిల్లలు ప్రతివారం ఒకరైనా ఉంటారు. ఒకరి రికార్డర్ ఇంకొకరు నోట్లో పెట్టుకోకూడదు కాబట్టి, ఆ ఎక్కువవాటిని ప్రతి వాడకం తర్వాతా సబ్బునీళ్లతో కడగాలి.

ఎంతమంది, ఏ వయసు, ఎలా కూర్చోవాలి

ఎనిమిది నుంచి పన్నెండు మంది. అంతకు మించితే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. వయసు ఎనిమిదేళ్లు దాటితే వేళ్లు రంధ్రాలకి అందుతాయి. జపాన్ స్కూళ్లలో మూడో తరగతి నుంచి మొదలుపెడతారు, అమెరికాలో చాలాచోట్ల మూడు, నాలుగు తరగతుల్లో ఇస్తారు. న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ నడిపే లింక్ అప్ అనే కార్యక్రమంలో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలు స్కూల్లో రికార్డర్ నేర్చుకుని, ప్రేక్షకుల సీట్లలోంచే ఆర్కెస్ట్రాతో కలిసి వాయిస్తారు. అక్కడున్న మనవాళ్లు చాలామందికి ఈ వాయిద్యం పరిచయమయ్యేది పిల్లల స్కూల్ బ్యాగులోంచే.

ముందు పళ్లు ఊడిన పిల్లల గురించి అమ్మలు టెన్షన్ పడతారు. అవసరం లేదు. రికార్డర్‌ని పళ్లతో పట్టుకోకూడదు, పెదవులతోనే. పళ్లు ఊడిన పిల్లలకే ఈ అలవాటు తొందరగా వస్తుంది.

కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే రికార్డర్ అడుగు ఒడికి తగులుతుంది, వీపు వంగుతుంది. చేతుల్లేని కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి, అంచున కూర్చోబెట్టండి. ప్రతి పిల్లాడికీ మీ వేళ్లు కనపడాలి, మీకు వాళ్ల వేళ్లు కనపడాలి. ఖాళీ గది గోడలకి శబ్దం తగిలి రెట్టింపవుతుంది. కింద జంపఖానా, కిటికీలకి కర్టెన్లు ఉంటే చాలా తేడా వస్తుంది. టేబుల్ ఫ్యాన్ పిల్లల మొహాల మీదికి పెట్టకండి, ఆ గాలికి శబ్దం తెగుతుంది.

మొదటి క్లాసు: రికార్డర్ సంచిలోనే

మొదటి ఇరవై నిమిషాలు వాయిద్యం బయటికి తీయనివ్వను. ఒక్కొక్కరికీ ఒక సన్నటి కాగితపు ముక్క ఇస్తాను. మొహానికి జానెడు దూరంలో పట్టుకుని, అది వంగిన చోటే నిలబడేలా ఊదాలి. రెపరెపలాడకూడదు, పైకి ఎగరకూడదు. నేను వేళ్లతో నాలుగు లెక్కపెడతాను, తర్వాత ఆరు, తర్వాత ఎనిమిది. పుట్టినరోజు కొవ్వొత్తి ఆర్పేటట్టు ఊదేవాళ్లకి రెండులోనే ఊపిరి అయిపోతుంది. వేడి పాల మీద మీగడ చెదరకుండా ఊదినట్టు ఊదితే ఎనిమిది దాకా వెళ్తుంది. రికార్డర్‌కి కావలసింది ఈ రెండో ఊపిరే. కీచుమనడానికి ముఖ్య కారణాలు రెండే. ఒకటి ఊపిరి ఎక్కువవడం, రెండోది రంధ్రం సరిగ్గా మూయకపోవడం.

తర్వాత నాలుక. ప్రతి స్వరం "దూ" అనే అక్షరంతో మొదలవ్వాలి, గొంతు లేకుండా, ఊపిరితోనే. "హూ" అని మొదలుపెడితే స్వరం జారుతూ వస్తుంది, పదిమందీ పది రకాలుగా మొదలవుతారు. మన "ద" చాలా మెత్తటి అక్షరం కనుక తెలుగు పిల్లలకి ఇది సహజంగా కుదురుతుంది. అరచేతిని నోటి ముందు పెట్టుకుని "దూ దూ దూ" అంటే ప్రతి "దూ" చేతికి తగలాలి.

లయకి మనకి చిన్నప్పటి నుంచీ చెవిలో ఉన్న మాటలే వాడుకోండి. ఒక దెబ్బకి ఒక అక్షరం "తా", రెండు "తక", నాలుగు "తకధిమి". తొడ మీద తాళం వేస్తూ ఇవి పలికిస్తే, పాశ్చాత్య లిపిలో నోట్లు చదవడం తర్వాతెప్పుడు నేర్చుకున్నా కష్టమనిపించదు.

చివరి పావుగంటలో మాత్రమే రికార్డర్ బయటికి. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. ఈ ఒక్క మాట నెల రోజులు చెప్పాల్సి వస్తుంది. కుడిచేతివాటం పిల్లలు కుడి చెయ్యి పైన పెట్టేస్తారు, మూడు స్వరాల దాకా ఏ ఇబ్బందీ తెలియదు, ఆ తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. ఎడమ చేతి గోళ్లకి కొద్దిగా గోరింటాకు పెట్టించండి. గోరింటాకు చెయ్యి పైన, అంతే. ఇంట్లో అమ్మమ్మ కూడా సరిచూడగలదు.

ఒడి, గడ్డం, పెదవి

నా క్లాసు మొత్తం ఈ మూడు మాటల మీదే నడుస్తుంది. "ఒడి" అంటే రికార్డర్ ఒళ్లో అడ్డంగా, చేతులు దాని మీద. నేను మాట్లాడేటప్పుడు అందరూ ఒడిలోనే. "గడ్డం" అంటే రికార్డర్ ముక్కు గడ్డానికి ఆనించి, వేళ్లు రంధ్రాల మీద పెట్టి, స్వరం పేరు నోటితో పాడుతూ వేళ్లు కదపడం. "పెదవి" అంటే ఊదడం.

కొత్తది ఏది నేర్పినా ఈ వరుసే. ముందు చేతులు ఒడిలో ఉండగా పాడాలి. తర్వాత గడ్డానికి ఆనించి వేళ్లతో పాడాలి. ఆ తర్వాతే పెదవి. గడ్డం దగ్గర తప్పు చేస్తే ఎవరికీ వినపడదు, నాకు మాత్రం కనపడుతుంది. సిగ్గుపడే పిల్లలకి ఇది ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

ఇంకో నియమం: మొదటి నెల సగం మంది పెదవి, సగం మంది గడ్డం. ఎప్పుడూ అందరూ కలిసి ఊదరు. కుడివైపు వాళ్లు ఊదుతుంటే ఎడమవైపు వాళ్లు వేళ్లు కదుపుతూ వింటారు, తర్వాత మారుతారు. వినేవాళ్లకి ఒక ప్రశ్న ఇస్తాను. "అందరూ ఒకేసారి మొదలుపెట్టారా?" లేదా "చివరి స్వరం అందరిదీ ఒకేసారి ఆగిందా?" ఒకసారికి ఒకే ప్రశ్న. ఎవరు తప్పు చేశారో పేరు చెప్పకూడదు, ఏం విన్నారో చెప్పాలి. రెండు వారాలకి పిల్లలు మనకంటే బాగా చెబుతారు.

మూడు స్వరాలు

వేళ్లకి అంకెలు పెట్టుకుందాం. ఎడమ బొటనవేలు (వెనక రంధ్రం) సున్నా. ఎడమ చూపుడు వేలు 1, మధ్యవేలు 2, ఉంగరం వేలు 3. ఎడమ చిటికెన వేలికి పని లేదు. కుడి చూపుడు 4, మధ్యవేలు 5, ఉంగరం 6, చిటికెన 7. కుడి బొటనవేలు వెనక నుంచి మోస్తుంది.

పాశ్చాత్య పద్ధతిలో జి అనే స్వరాన్ని మన షడ్జమం (స) చేసుకుంటే, అంటే అయిదు శ్రుతి పెట్టుకుంటే, లెక్క ఇలా కుదురుతుంది:

గ (బి): 0 1
రి (ఏ): 0 1 2
స (జి): 0 1 2 3

మొదట గాంధారం, అంటే గ. రెండు వేళ్లే కాబట్టి సులువు. ఈ ఒక్క స్వరంతో ఒక క్లాసంతా గడపవచ్చు. నేను "తా తక తా తా" అని చేతులతో కొడితే వాళ్లు దాన్ని గాంధారంలో తిరిగి ఊదాలి. తర్వాత ఒక పిల్లాడు కొత్త లయ కనిపెడతాడు, మిగతావాళ్లు తిరిగి ఊదుతారు.

స దగ్గర మొదటి కష్టం వస్తుంది. మూడో వేలు సన్నగా, బలం లేకుండా ఉంటుంది, రంధ్రం పక్కనుంచి గాలి పోతుంది. ఒక బాబుకి రెండు వారాలు స రాలేదు. గట్టిగా ఊదుతున్నాడు, కీచుమంటోంది, కళ్లలో నీళ్లు. దగ్గర కూర్చుని, "వేళ్లు అలాగే గట్టిగా ఒక్కసారి నొక్కు, ఇప్పుడు తీసి చూడు" అన్నాను. వేళ్ల మెత్తటి భాగం మీద రంధ్రాల అచ్చులు పడతాయి కదా, బొట్టుబిళ్లల్లా గుండ్రంగా. మొదటి రెండు వేళ్ల మీద నిండు చందమామలు, మూడో వేలి మీద సగం చందమామ. వాడే చూసుకున్నాడు, "ఆంటీ, ఇది సగమే ఉంది" అని. వేలు కాస్త లోపలికి జరిపాడు, స వచ్చింది. అప్పటినుంచి మా క్లాసులో కీచుమంటే "చందమామలు చూసుకో" అంటాం. వేలి కొనతో కాకుండా మెత్తటి భాగంతో మూయాలని ఎన్నిసార్లు చెప్పినా రాని విషయం ఆ అచ్చు చెబుతుంది.

మూడు స్వరాలతో చిన్న వరుసలు మీరే అల్లుకోవచ్చు. నేను వాడేది ఇది. కామా అంటే ముందు స్వరాన్ని ఇంకో అక్షరం పొడిగించడం:

గ , గ , రి , రి ,
గ రి గ రి స , , ,
రి , రి , గ , గ ,
గ గ రి రి స , , ,

పాడి, గడ్డం, పెదవి. తొందరపడకండి. ఈ నాలుగు వరుసలు పదిమందీ కలిసి మొదలుపెట్టి కలిసి ఆపగలిగితే సగం పని అయినట్టే.

సరళీ వరసలు ఎందుకు మొదలుపెట్టం?

కర్ణాటక సంగీతం తెలిసిన ప్రతి ఇంటి నుంచీ ఈ ప్రశ్న వస్తుంది, న్యాయమైన ప్రశ్నే. పురందరదాసు ఏర్పరిచినట్టుగా మనం చెప్పుకునే ఈ సరళీ వరసలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. గొంతుకి, వీణకి అది చక్కటి మొదలు. రికార్డర్ మీద మాత్రం జి షడ్జమమైతే ఆ రాగంలోని శుద్ధ రిషభం (రి), శుద్ధ ధైవతం (ద) రెండింటికీ ఆరో వేలి దగ్గరి జంట రంధ్రాల్లో ఒకదాన్నే మూయాలి. ఎనిమిదేళ్ల వేళ్లకి అది మొదటి ఏడాది పని కాదు. శంకరాభరణం రాగం స్వరాలు మాత్రం ఈ వాయిద్యానికి సహజం. అందుకని వరసల నడకని అలాగే ఉంచి, శంకరాభరణం స్వరాల్లో వాయించమంటాను. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఆశించకండి. వేలు కొద్దిగా జార్చి కొంత చేయవచ్చు కానీ అది పెద్దయ్యాక సంగతి. పిల్లలు ఇక్కడ నేర్చుకునేది నిలకడైన స్వరం, అది తర్వాత ఏ వాయిద్యానికి వెళ్లినా పనికొస్తుంది.

ఎడమ చేతిలోనే అయిదు స్వరాలు

సాధారణంగా పుస్తకాల్లో మూడు స్వరాల తర్వాత కుడి చెయ్యి మొదలుపెట్టేవి ఉన్నాయి, పై స్వరాలకి వెళ్లేవీ ఉన్నాయి. నేను పైకే వెళ్తాను.

మ (పై సి): 0 2
ప (పై డి): 2 మాత్రమే

దీంతో స రి గ మ ప మొత్తం ఒక్క ఎడమ చేతిలోనే వచ్చేస్తాయి. కుడి చెయ్యి ఊరికే మోస్తూ ఉంటుంది. అయిదు స్వరాలు చేతికొస్తే పిల్లలకి తెలిసిన చిన్న పాటలు చాలానే పలుకుతాయి, ఇంట్లో వాయించి చూపించుకోవచ్చు.

కష్టమల్లా గ నుంచి మ కి వెళ్లడం. ఒక వేలు లేవాలి, ఇంకో వేలు అదే క్షణంలో దిగాలి. ఒకటి ఆలస్యమైతే మధ్యలో అక్కర్లేని స్వరం చిన్నగా పలుకుతుంది. తూగుడుబల్ల మీద ఇద్దరు పిల్లల్లా అని చెప్పి, గడ్డం దగ్గరే ముప్ఫైసార్లు చేయిస్తాను. ఊదుతూ చేస్తే విసుగొస్తుంది, గడ్డం దగ్గర ఆటలా ఉంటుంది. మ నుంచి ప కి మాత్రం బొటనవేలు తీస్తే చాలు. కాకపోతే ఆ సమయంలో వాయిద్యం చేతిలోంచి జారినట్టు అనిపించి పిల్లలు కంగారుగా పెదవులు బిగిస్తారు. అడుగున కుడి బొటనవేలు మోస్తోందని ఒక్కొక్కరికీ ముట్టి చూపించండి. ఎడమ బొటనవేలు దూరంగా ఎగరకూడదు, రంధ్రం పక్కకి దొర్లితే చాలు.

శ్రుతి కలపడం: ఇక్కడ ఎక్కువ సేపు ఆగండి

ప్లాస్టిక్ రికార్డర్ ఫ్యాక్టరీలోనే శ్రుతి చేసి వస్తుంది కదా, ఇంకేం కలపాలి అంటారు. ఒకే రికార్డర్‌లో ఒకే స్వరం, ఊపిరి బలాన్ని బట్టి పైకీ కిందికీ జరుగుతుంది. గట్టిగా ఊదితే పెరుగుతుంది, మెల్లగా ఊదితే తగ్గుతుంది. చల్లగా ఉన్న వాయిద్యం కూడా కొంచెం తగ్గి పలుకుతుంది. అందుకే ఏసీ గదిలో అయితే ముందు రెండు నిమిషాలు తల భాగాన్ని అరచేతుల్లోనో చంకలోనో పెట్టుకోమంటాను.

శ్రుతిపెట్టె గానీ ఫోన్‌లో తంబుర యాప్ గానీ అయిదు శ్రుతికి పెట్టండి. అందరూ కళ్లు మూసుకోవాలి. ఇద్దరే ఇద్దరు స ఊదాలి, పొడుగ్గా. ఇద్దరి స్వరాల మధ్య కొంచెం తేడా ఉంటే శబ్దం "వవ్‌వవ్‌వవ్" అని అలలా కొట్టుకుంటుంది. తేడా తగ్గుతున్న కొద్దీ అల నెమ్మదిస్తుంది, కలిసిన క్షణంలో ఆగిపోతుంది. పిల్లలకి చెప్పాల్సింది ఒకటే, "అల ఆగేదాకా ఊపిరి సర్దుకోండి". మిగతావాళ్లు అల ఆగినప్పుడు చెయ్యెత్తాలి. మొదటిసారి ఆ నిశ్చలత గదిలో వినపడినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఎనిమిది చేతులు లేస్తాయి.

ఇద్దరికి కుదిరాక ముగ్గురు, తర్వాత నలుగురు. ఒక రికార్డర్ ఎంత మెల్లగా ఊదినా ఎక్కువ శ్రుతిలోనే ఉంటే దాని తల భాగాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి లాగండి, తగ్గుతుంది. తక్కువ శ్రుతిలో ఉన్నదానికి ఇలాంటి ఉపాయం లేదు, కాబట్టి తక్కువగా ఉన్నదానికే మిగతావాటిని కలపాలి.

దీని తర్వాత ఇంకో అద్భుతం ఉంది. ఒకరు గ, ఒకరు ప పట్టుకుని శ్రుతిలో ఊదితే, చెవిలోపల ఎక్కడో కిందిస్థాయిలో మూడో శబ్దం జుమ్మని వినిపిస్తుంది. దాన్ని ఎవరూ ఊదడం లేదు. రెండు స్వరాల కంపనాల తేడా నుంచి మన చెవి తయారుచేసుకునే శబ్దం అది. రికార్డర్లలో ఇది బాగా తెలుస్తుంది. శ్రుతి చెదిరితే అదీ చెదురుతుంది. నేను వివరణ ముందు చెప్పను, "మూడోవాడు వచ్చాడా?" అని మాత్రం అడుగుతాను. నాలుగో క్లాసు నుంచి వాళ్లే వెతుక్కుంటారు.

కుడి చెయ్యి

రెండో నెల చివర్లోనో మూడో నెలలోనో మొదలుపెట్టండి.

కింది ద (ఇ): 0 1 2 3 4 5
కింది ప (డి): 0 1 2 3 4 5 6
కింది ని (ఎఫ్ షార్ప్): 0 1 2 3 5 6

వరుస ఇదే, ముందు ద, తర్వాత ప. ని చివర్లో, ఎందుకంటే 4 లేపి ఉంచి 5, 6 మూయాలి. కిందికి వెళ్లేకొద్దీ ఊపిరి ఇంకా వెచ్చగా, నెమ్మదిగా ఉండాలి. చలికాలం అద్దం మీద ఆవిరి పట్టించే ఊపిరి అంటే పిల్లలకి అర్థమవుతుంది. కింది ప రానప్పుడు వందకి తొంభైసార్లు తప్పు కుడి చేతిలో ఉండదు. కుడి వేళ్ల మీద దృష్టి పెట్టి ఎడమ ఉంగరం వేలు వదిలేసి ఉంటారు. మళ్లీ చందమామలు చూసుకోవడమే.

ఈ స్వరాలు వచ్చాక మోహన రాగం చేతికొస్తుంది: కింది ప, ద, తర్వాత స రి గ, పైన ప. గ నుంచి నేరుగా ప కి దూకడం ఇష్టంగా చేస్తారు.

రెండు గుంపులు

బృందంగా నేర్చుకోవడంలో అసలు రుచి ఇక్కడుంది. తొలి మెట్టు చాలా తేలిక. సగం మంది స ని పట్టుకుని ఉంటే, సగం మంది ఏదైనా వరుస వాయించాలి. పట్టుకునే పని సులువని అనుకోవద్దు. వంతులవారీగా ఊపిరి తీసుకోవాలి, పక్కవాడు తీసుకునేటప్పుడు తను తీసుకోకూడదు.

తర్వాత ఒకరి వెనక ఒకరు మొదలుపెట్టే వరుస. ఇది నేను మా పిల్లల కోసం అల్లుకున్నది, ఎడమ చెయ్యి ఒక్కటే చాలు. ఒక్కో వరుస ఆది తాళంలో ఒక ఆవర్తనం (ఎనిమిది అక్షరాల చుట్టు), గీత పెట్టినచోట మౌనం:

స , రి , గ , గ ,
గ , మ , ప , ప ,
ప , మ , గ , రి ,
స , స , స , – –

మొదటి గుంపు రెండో వరుసకి వచ్చినప్పుడు రెండో గుంపు మొదటి వరుస అందుకుంటుంది. స మీద గ, రి మీద మ, గ మీద ప పడి చక్కగా ఒదుగుతాయి. చివరి వరుసలో మొదటి గుంపు స దగ్గర ఆగితే, రెండో గుంపు రి పలికి, తమ స లు ఒంటరిగా వాయించి ముగిస్తుంది. మళ్లీ మొదటికి తిప్పకండి, స్వరాలు గుద్దుకుంటాయి.

మొదటి ప్రయత్నంలో రెండో గుంపు మొదటి గుంపు వెంట పరిగెత్తుతుంది, అందరిదీ అంతే. మందు ఒకటే. ముందు నోటితో పాడించండి, రెండు గుంపుల్నీ గదికి రెండు మూలల్లో నిలబెట్టండి, తాళం ఒకరే వేయాలి. తాళం వేసే పని ప్రతిసారీ వేరే పిల్లాడికి ఇవ్వండి. జలుబు చేసి ఊదకూడని పిల్లలకి ఇది మంచి పని. జలుబు, దగ్గు ఉన్నరోజు ఇంట్లో కూర్చోబెట్టే బదులు తాళానికి రమ్మంటాను.

వెనకబడ్డ పిల్లలు, ఇంట్లో సాధన

మూడో నెలకల్లా బృందంలో తేడాలు వస్తాయి. బాగా వచ్చినవాళ్లకి కష్టమైన భాగం, రానివాళ్లకి పట్టుకునే స్వరం ఇచ్చి అందరినీ ఒకే పాటలో ఉంచవచ్చు. అందుకే పట్టుకునే స్వరాన్ని మొదటి నుంచీ గౌరవమైన పనిగా చూపించండి, బాగా వచ్చిన పిల్లాడితో కూడా వంతు వేయించండి. ఒకరిని ఒంటరిగా నిలబెట్టి వాయించమనడం నేను పూర్తిగా మానేశాను. ఇద్దరిద్దరుగా వింటే ఎవరికేం రాలేదో అంతకంటే బాగా తెలుస్తుంది.

ఇంట్లో రోజుకి పది నిమిషాలు చాలు, కానీ రోజూ. అందులో రెండు నిమిషాలు ఒకే స్వరాన్ని పొడుగ్గా పట్టుకోవాలి. అమ్మానాన్నలకి ఒక్క మాట: "ఆపరా ఆ గోల" అని ఒక్కసారి అన్నా ఆ పిల్లాడు నెల వెనక్కి పోతాడు. వినలేకపోతే ఏ వేళకి వాయించుకోవాలో ముందే చెప్పి, ఆ పది నిమిషాలు వాడికి వదిలేయండి. రాత్రి ఎనిమిది దాటాక గడ్డం సాధన చేయించండి, పక్క ఫ్లాట్ వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

శుభ్రం

అయిదు నిమిషాలు ఊదగానే గాలిదారిలో తడి చేరి శబ్దం బొంగురుపోతుంది. వాయిద్యం పాడయిందని పిల్లలు బెదిరిపోతారు. ముక్కు కింద ఉన్న కిటికీ లాంటి రంధ్రాన్ని వేలితో తేలిగ్గా మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే తడి పోతుంది. క్లాసులో ఈ పని అందరికీ కలిపి, నేను చెప్పినప్పుడే. ఆ కిటికీ అంచు మీద గోరు గానీ పుల్ల గానీ తగలనివ్వకండి, శబ్దం పుట్టేది అక్కడే.

వారానికోసారి మూడు భాగాలూ విడదీసి గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. భాగాలు బిగుసుకుపోతే కీలు దగ్గర కొద్దిగా వాజెలిన్ రాయండి. ఎండలో కారులో వదిలేయకండి.

పదిమంది ముందు

నాలుగు నెలల తర్వాత దసరాకో సంక్రాంతికో అపార్ట్‌మెంట్ వేదిక మీద అయిదు నిమిషాలు వాయించవచ్చు. మూడు చిన్నవి చాలు: అందరూ కలిసి ఒకటి, స పట్టుకుని ఒకటి, రెండు గుంపులది ఒకటి. కష్టమైనది పెట్టొద్దు. రెండు వారాల ముందే బాగా వచ్చేసినవే పెట్టండి, వేదిక మీద పిల్లల ఊపిరి ఎలాగూ పెరుగుతుంది, శ్రుతి కూడా దాంతో పాటు పైకి పోతుంది.

ఆరుబయట అయితే గాలి వచ్చే వైపు వీపు పెట్టి నిలబెట్టండి. మైకు పెట్టే అబ్బాయి దాన్ని రికార్డర్ అడుగున పెడతాడు, అక్కడినుంచే శబ్దం వస్తుందనుకుని. శబ్దం ఎక్కువగా వచ్చేది నోటి దగ్గరున్న కిటికీలోంచి. మైకు పిల్లల మొహాల ఎత్తులో, రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి. ఒక్కొక్కరికీ ఒకటి అక్కర్లేదు, పదిమందికి రెండు చాలు.

మొదలుపెట్టే ముందు మీరు తాళం ఒక ఆవర్తనం వేసి, చివరి అక్షరం దగ్గర మీరే వినపడేలా ఊపిరి తీసుకోండి. పిల్లలూ మీతో పాటే తీసుకుంటారు, అందరూ ఒకేసారి మొదలవుతారు. చివరి స్వరం ఆగాక రికార్డర్లు పెదవుల దగ్గరే ఉంచి మనసులో రెండు లెక్కపెట్టమనండి. ఆ తర్వాత, మీ చెయ్యి దిగినప్పుడు, అందరూ కలిసి ఒడిలోకి.